కాశింబీ చూసిన నల్లరాయి

నాలుగైదేళ్ల కిందట ధర్మవరంలో ఒక ఆడపిల్లల హైస్కూలు వాళ్లు నన్ను మాట్లాడ్డానికి పిలిచారు. రిటైరైనప్పటి నుంచి నాకు ఇదే పనయింది. భూగర్భశాస్త్రం చదివిన ఆడవాళ్లు మా కాలంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే కాబట్టి, ఆడపిల్లలకు సైన్సు గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. నేనూ వెళుతూనే ఉంటాను. వెళ్లిన ప్రతిచోటా ఒకే కథతో మొదలుపెడతాను. పెనుకొండలో పద్నాలుగేళ్ల పిల్ల ఒకతి గుట్ట మీద తెల్లరాతిని చీల్చుకుని పోయిన నల్లరాతి చారను చూసింది. ఆ నల్లరాయి అంచుల్లో నున్నగా, నడిమధ్యలో గరుకుగా ఎందుకుందని ఆలోచించింది. వేడి బెల్లంపాకాన్ని ఇత్తడి తట్టలో పోస్తే అంచులు ముందు గట్టిపడతాయి కదా, ఈ రాయి కూడా అట్లాగే ఒకప్పుడు కాగి, కరిగి, పాకంలా పైకొచ్చి చల్లారిందని తనకు తానే కనిపెట్టింది. ఇంతవరకు చెప్పి, ఒక క్షణం ఆగి, "ఆ పిల్లను నేనే" అంటాను. పిల్లలు చప్పట్లు కొడతారు. ధర్మవరంలోనూ కొట్టారు.

సభ అయిపోయి కారు దగ్గరికి నడుస్తుంటే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, స్నేహితురాలి చెయ్యి పట్టుకుని, నవ్వుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"మేడం, ఈ కత మా అవ్వ కూడా చెప్తాది. అచ్చం ఇట్లే. పాకం, తట్ట, అంతా. కానీ మా అవ్వ కతలో ఆ నల్లరాయిని చూసింది మా అవ్వ."

పక్క పిల్ల కిసుక్కున నవ్వింది. ఈ పిల్ల కూడా నవ్వుతూనే, అవ్వ తరఫున క్షమాపణ చెబుతున్నట్టు, "మీ గురించి యాడో పేపర్లో చదివుంటాది మేడం. వయసైపోయింది కదా, అది తన కతే అనుకుంటాండాది" అంది.

"మీ అవ్వ పేరేంటమ్మా?"

"కాశింబీ, మేడం. మాది పెనుకొండే, ముందు."

నేను "అలాగా" అన్నాను. అని కారెక్కి కూర్చున్నాను. డెబ్బై దాటిన మనిషిని, అంత చిన్నపిల్ల ముఖం చూడకుండా డ్రైవరును పోనిమ్మన్నాను.

మా నాయన పెనుకొండ స్టేషన్‌లో గూడ్సు క్లర్కు. స్టేషన్ పక్కన రెండు గదుల రైల్వే క్వార్టర్సులో మేముండేవాళ్లం. ఇంట్లో ఏ వస్తువు ముట్టుకున్నా వేళ్లకు సన్నటి బొగ్గు నలుసు అంటేది. మా అవ్వకు ఆ నలుసుతో జీవితమంతా యుద్ధం. పొద్దున లేచింది మొదలు తడిగుడ్డ ఒకటి భుజాన వేసుకుని కిటికీలు, గడపలు, నీళ్లకుండ మూత తుడుస్తూనే ఉండేది. బండి వచ్చే వేళకు వాకిలి మూసేది, పోయాక తెరిచేది. ఆమెకు గడియారంతో పని లేదు. "బెంగుళూరు బండి పోయినంక సంగటి కెలుకు", "గుంతకల్లు బండి రాకముందే బట్టలు తీసుకో" అని మా అమ్మకు పనులు పురమాయించేది. సంగటి కెలికే తెడ్డు చప్పుడు, చెనిక్కాయల, అదే వేరుశెనగల, పొడి దంచేటప్పటి కమ్మటి వాసన, దాని మీదుగా వచ్చే బొగ్గుపొగ, ఇవన్నీ కలిసి మా ఇంటి వాసన. ఇప్పుడు ఆ దారిలో పొగబండ్లు లేవు. పోయినసారి అక్కడ దిగితే గాలి శుభ్రంగా ఉంది. ఆ శుభ్రతలో మా అవ్వ గుర్తుకు రాలేదు.

ఐదో ఫారం, అంటే ఇప్పటి పదో తరగతి నుంచి హిందూపురం హైస్కూల్లో చేర్చాలని నాయన అనుకున్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. ఆడపిల్ల ఒంటిగా రైల్లో పోవడమేమిటని అన్నం మానేసింది. అప్పుడు నాయనకు మస్తాన్ మామ కూతురు గుర్తొచ్చింది. మస్తాన్ మామ రాళ్లు కొట్టే మనిషి. చేను గట్లకు నాటే రాతి కూసాలు, ఇళ్లకు గడపరాళ్లు చేసేవాడు. మా క్వార్టర్సు వెనకాల చిన్న గుట్ట, ఆ గుట్ట పాదంలో వాళ్ల ఇల్లు. ఆయన భార్య చెనిక్కాయల పాకం ఉండలు చేసి స్టేషన్‌లో అమ్మేది. వాళ్ల పెద్దకూతురు కాశింబీ నా తరగతే, నా ఈడే. "మా శాంతకు తోడుంటాది, నీ కూతుర్ని కూడా పంపప్పా" అని నాయన పోయి అడిగాడు. మస్తాన్ మామ చాలాసేపు ఉలి నూరుకుంటూ కూర్చుని, "సరేప్పా, నువ్వడిగినాక కాదంటానా" అన్నాడట. అంటే కాశింబీ హైస్కూలు చదువు నాకు తోడుగా మొదలైంది. నాకు తోడు అక్కర్లేని రోజున ఆగిపోయింది. ఈ మాట ఇంత సూటిగా రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఇద్దరం సద్ది మూటలు పట్టుకుని పొద్దుటి బండెక్కేవాళ్లం. చాకర్లపల్లి, మలుగూరు దాటితే హిందూపురం. బెల్లం మండీల వాసన స్టేషన్ దాకా వచ్చేది. కాశింబీ కిటికీ పక్కన కూర్చునేది, బయటి రాళ్లను చూసేది. నేనైతే పుస్తకం తెరిచి కంఠస్థం చేసేదాన్ని. ఆమెకు బట్టీ వచ్చేది కాదు, మార్కులు నాకంటే తక్కువే. కానీ రాయిని చూసి అది ఏ వైపుకు పగులుతుందో చెప్పేది. "రాయికి కూడా నార ఉంటాదే. మా నాయన వేలితో తడిమి చూస్తాడు" అనేది. సెలవురోజు ఇద్దరం వాళ్ల వాకిట్లో కూర్చుంటే ఉలిదెబ్బల చప్పుడు ఒకవైపు, పాకం కాగే వాసన ఒకవైపు. రాతిపొడి మా జడల మీద పడి ముసలమ్మల్లా అయ్యేవాళ్లం.

ఆ నల్లరాతి చారను చూపించింది ఆమే. వాళ్ల నాయనకు సద్ది ఇచ్చి వస్తూ, గుట్ట మీద నన్ను ఆపింది. గుట్టంతా తెల్లటి రాయి. దాని నడుమ మనిషి పొడుగంత వెడల్పున నల్లటి రాయి, గీత గీసినట్టు, ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది.

"ఈ రెండిట్లో ఏది ముందు పుట్టింది చెప్పు?" అంది.

"రాళ్లు పుట్టేదేందే? దేవుడు అన్నీ ఒకేసారి పెట్టింటాడు."

"కాదు. తెల్లది ముందుండాది. దాన్ని చీల్చుకోని నల్లది వచ్చిండాది. చీల్చేదానికి ముందు ఏదో ఒకటి ఉండాల కదా. ఇంగోటి చూడు. ఈడ అంచులో తడుము. నున్నగా ఉండాది. నడిమధ్యన తడుము. గరుకు. మా నాయన అంటాడు, అంచుల్లో ఉలి జారిపోతాదని. మా అమ్మ పాకం తట్టలో పోస్తే ఏమైతాది? తట్టకు తగిలినకాడ బెరీన గట్టిపడ్తాది. నడుమ నిదానంగా. ఇది కూడా కాగి కాగి వచ్చిండాది శాంతా. ఈ తెల్లరాయి దానికి తట్ట."

నేను నవ్వాను. తర్వాత మద్రాసులో జియాలజీ చదువుకునేటప్పుడు ఒక ప్రొఫెసరు అదే సంగతిని బోర్డు మీద బొమ్మ గీసి చెబుతుంటే, బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

ఆ ఏడాదే మా సైన్సు టీచరు సుగుణమ్మ, పై ఊరి నుంచి ఒక సర్వే ఆఫీసరు వస్తున్నాడని, రాళ్లూ ఖనిజాలూ తెలిసినవాడని, ఎవరి ఊరి రాయి వాళ్లు తెచ్చి చూపించాలని చెప్పింది. కాశింబీ వారం రోజులు కష్టపడింది. మూడు రాతిముక్కలు తీసింది. తెల్లది ఒకటి, నల్లరాతి అంచుది ఒకటి, నడిమిది ఒకటి. కాగితం మీద గుట్ట బొమ్మ గీసి, కింద వివరంగా రాసి, చివర తన పేరు పెట్టింది. ఆఫీసరు వచ్చే ముందురోజు మస్తాన్ మామ కంట్లో రాతిచిల్ల పడింది. పొద్దున స్టేషన్‌కు వచ్చిన కాశింబీ చేతిలో సద్ది లేదు. రాళ్లమూట, కాగితం ఉన్నాయి.

"నాయన్ను ఆసుపత్రికి పిల్చుకపోవాల. నువ్వు చూపిచ్చు శాంతా. నేను చెప్పినట్లే చెప్పు. పాకం సంగతి మరిచిపోవాకు."

ఆఫీసరు మాకందరికీ కనిపించేలా రాళ్లను బల్ల మీద వరసగా పెట్టించి, ఒక్కొక్కటే భూతద్దంలో చూశాడు. నా వంతు వచ్చినప్పుడు నేను కాశింబీ చెప్పినట్టే చెప్పాను. మాట పొల్లు పోకుండా చెప్పాను. కంఠస్థం నా విద్యే కదా. ఆయన భూతద్దం దించి నన్ను చూశాడు. "ఈ పాకం పోలిక ఎవరు చెప్పారమ్మా నీకు? టీచరా?" అని అడిగాడు. సుగుణమ్మ టీచరు తల అడ్డంగా ఊపింది. "నేనే అనుకున్నాను సార్" అన్నాను.

ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, ఆ మాట నోరు జారి వచ్చిందని, చిన్నపిల్లను, భయంలో అన్నానని. అది కూడా అబద్ధమే. నా జీవితకథలో ఈ అధ్యాయం మొదలుపెట్టినప్పుడు కూడా అట్లాగే రాద్దామనుకున్నాను. నిజం ఏమిటంటే, మలుగూరు దాటాక రైల్లో ఆ కాగితం తీసి, అడుగున పేరున్న ముక్కను మడిచి, గోరుతో గీసి, నిదానంగా చించాను. కిటికీలోంచి వదిలితే గాలికి వెనక్కి కొట్టుకుపోయింది. అప్పటికి ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. అడుగుతారని నేను ముందే సిద్ధమయ్యాను.

సాయంత్రం కాశింబీ స్టేషన్‌లో నిలబడి ఉంది. వాళ్ల నాయన కన్ను పోయిందని చెప్పింది. ఆ తర్వాతే అడిగింది.

"ఏమన్యాడే ఆయప్ప?"

"బాగుండాదన్యాడు."

"నా పేరు చెప్పినావా?"

"ఆ, చెప్పినా."

ఆఫీసరు ఊరికే మెచ్చుకుని పోలేదు. మా నాయనకు జాబు రాశాడు. ఈ పిల్ల సామాన్యమైనది కాదని, పెళ్లి తొందర పెట్టకుండా కాలేజీకి పంపమని, ఇలాంటి బుర్ర దేశానికి అవసరమని రాశాడు. నాకప్పటికే సంబంధం చూస్తున్నారు. నాయన ఆ జాబును మడతల్లో చిరిగేదాకా జేబులో పెట్టుకు తిరిగాడు. స్టేషన్‌మాస్టరుకు చదివి వినిపించాడు. అవ్వకు చదివి వినిపించాడు. అవ్వ తడిగుడ్డ భుజాన వేసుకుని నిలబడి అంతా విని, "దీనికి ఇంత బుద్ధి యాడిదిరా?" అంది. మురిపెంగానే అంది. ఆ ఇంట్లో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. సంబంధం ఆగిపోయింది. నేను అనంతపురం పోయాను, అక్కడి నుంచి మద్రాసు పోయాను. నాకు తోడు అక్కర్లేకపోయింది కాబట్టి కాశింబీ చదువు మానేసింది. నేను అనంతపురం బండెక్కిన రోజున వాళ్లమ్మ చేసిన పాకం ఉండలు గుడ్డలో కట్టి తెచ్చిచ్చింది.

ఉద్యోగంలో చేరినప్పుడు మా ఆఫీసులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. గుట్టలెక్కగలదా, గుడారంలో ఉండగలదా అని నా ఎదుటే మాట్లాడుకునేవాళ్లు. నేను అందరికంటే ముందు లేచి, అందరికంటే ఎక్కువ బరువు మోసి చూపించాను. ఆ కష్టం అబద్ధం కాదు, దాన్ని తక్కువ చేసుకోను. ఐతే ఆ మగవాళ్ల మధ్య నాకు గౌరవం తెచ్చింది పాకం కథే. పుట్టుకతోనే రాళ్లు తెలిసిన మనిషని అనుకునేవాళ్లు. ఒకసారి మా పై అధికారితో జీపులో పెనుకొండ వైపు పనికి వచ్చాం. దారిలో ఆయన అడిగితే ఆ కథే చెప్పుకుంటూ వచ్చాను. గుట్ట పక్కన రోడ్డుకు కంకర కొడుతున్న ఆడవాళ్లు కొందరున్నారు. జీపు దిగి సుత్తి చేతిలోకి తీసుకున్నానో లేదో, వాళ్లలో ఒకామె చంకలో బిడ్డతో లేచి వచ్చింది. ముఖమంతా రాతిపొడి.

"ఏమే శాంతా! నువ్వేనా?"

మా అధికారి నా పక్కనే ఉన్నాడు. ఆమె ఇంకో రెండు మాటలు మాట్లాడితే చాలు, గుట్ట వైపు ఒక్కసారి చెయ్యి చూపితే చాలు. నా కథ బయటపడుతుంది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాను. ఆఫీసు భాషలో, చాలా మర్యాదగా అన్నాను.

కాశింబీ నన్ను చూసింది. నా బూట్లను, సుత్తిని, పక్కనున్న పెద్దమనిషిని చూసింది. అంతా ఆమెకు అర్థమైందని నాకు అర్థమైంది. "ఎవురో అనుకున్న్యాలేమ్మా" అని బిడ్డను సర్దుకుని వెనక్కి పోయి కూర్చుంది. నేను ఆ రోజు రాళ్ల నమూనాలు తీశాను, కాగితాల్లో రాసుకున్నాను, భోజనం కూడా చేశాను. ఆ తర్వాత ఆమెను చూడలేదు. చూడకుండా జాగ్రత్త పడ్డాను. ఆ గుట్ట వైపు పనులు వస్తే ఇంకొకరికి అప్పగించేదాన్ని.

ధర్మవరం స్కూల్లో ఆ పిల్ల మాటలు విన్న పదిరోజులకు గానీ నాకు ధైర్యం రాలేదు. ఇల్లు వెతుక్కుంటూ పోయాను. రెండు వైపులా మగ్గాల చప్పుడుతో ఉన్న సన్నటి సందు. కాశింబీ వాకిట్లో కూర్చుని రాట్నం మీద పట్టుదారం కండెలకు చుడుతోంది. కంకర పని మానేసి ఈ ఊరికొచ్చాక పట్టుదారం పనే ఆమె బతుకైందని తర్వాత చెప్పింది. తలెత్తి చూసి, చెయ్యి ఆపకుండానే, "రా శాంతా, కూర్చో" అంది. ఎవరని అడగలేదు.

చాప మీద కూర్చున్నాను.

"ఆపొద్దు నేను నీ పేరు చెప్పలేదు కాశింబీ."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసె?"

"ఆపొద్దే. చెప్పినా అన్యావు గానీ నా మొగం చూడలేదు నువ్వు. మళ్ల మీ నాయన ఆ జాబు పట్టుకోని మా ఇంటికే వచ్చి మా నాయనకు చదివి ఇనిపిచ్చినాడు. పాకం సంగతి కూడా రాసినాడు కదా ఆయప్ప దాంట్లో. మా అమ్మ నా దిక్కు చూసింది. నేను గమ్మునున్న్యా."

"ఎందుకు గమ్మునున్న్యావే? అప్పుడే చెప్పింటే..."

"చెప్పింటే నీ పెండ్లి చేసేసుండేవాళ్లు. ఇద్దరం ఈన్నే ఉండేవాళ్లం." కాసేపు రాట్నం తిప్పింది. "నువ్వు నా పేరు చెప్పినా మా నాయన పంపేవాడు కాదులే. కన్ను పోయినోడు. నా ఎనక ముగ్గురు. యాడ పంపుతాడు?"

ఆ మాట వినగానే నాకు గుండెల్లో బరువు దిగినట్టయింది. దాచకుండా చెబుతున్నాను, ఊపిరి తేలికైంది. నా ముఖంలో అది కనిపించి ఉండాలి. కాశింబీ రాట్నం ఆపింది.

"అట్లని నీ తప్పు తగ్గిపోయిందనుకోవాకు. ఆ జాబు మా ఇంటికి వచ్చింటే, మా నాయన వద్దనింటే, మా నాయన మింద కోపం పెట్టుకోని బతికుందును. ఏడ్సుందును, కొట్లాడుందును. వద్దనేదానికైనా ముందు ఒక మాట రావాల కదా శాంతా. నన్ను ఎవురూ అడగనే లేదు. వద్దని కూడా అనలేదు."

మగ్గాల చప్పుడు ఒకటి ఆగితే ఒకటి సాగుతోంది. జీపు రోజు గురించి కూడా చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "అది వద్దు. అది మాట్లాడితే నాకు కోపమొస్తాది. ఈ వయసులో కోపం ఓర్సుకోలేను."

ఆమె అడిగింది ఒక్కటే. మనవరాలికి చెప్పమంది. "నేను లేనిపోనివి చెప్పుకుంటాననుకుంటాది పిల్ల. వాళ్ల స్నేహితుల ముందర నవ్వులాట పెడ్తాది. నువ్వు చెప్పు."

బడి విడిచాక ఆమె మనవరాలు రేష్మ వచ్చింది. నన్ను చూసి సంచి దించడం కూడా మరిచి నిలబడిపోయింది. నేను మొత్తం చెప్పాను. చించిన కాగితం, జాబు, జీపు, అన్నీ. పిల్ల నన్ను చూడలేదు. అవ్వనే చూస్తూ ఉంది. చివరికి అవ్వ పక్కన కూలబడి, "నేను నమ్మలేదు కదవ్వా" అని వెక్కిళ్లు పెట్టింది.

"ఏడ్సాకు," అంది కాశింబీ, ఆ పిల్ల జడ సర్దుతూ. "నువ్వెట్ల నమ్ముతావు? నేను కండెలు చుట్టేదాన్ని. ఆయమ్మ కారులో వచ్చి మైకులో చెప్పె."

ఆడపిల్లలను ఎవరు వెనక్కి లాగుతారో నేను ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చాను. అవ్వలు, నాయనలు, ఊరు, ఆఫీసులు. నా జాబితాలో ఎప్పుడూ నేను లేను. ముందు బెంచీలో కూర్చుని, గడగడా అప్పజెప్పే పిల్లనే నేనూ మెచ్చుకున్నాను. ఎన్ని బళ్లలో ఆ రోజు రాని పిల్ల రాళ్లమూటను ఇంకొక పిల్ల నా ముందు విప్పిందో నాకు తెలియదు. ఎవరివని ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది. తెలిసిన దొంగకే ఆ ప్రశ్న తట్టలేదంటే ఏమనుకోవాలి?

ఆ వారంలోనే అదే స్కూలుకు మళ్లీ పోయి, అదే పిల్లల ముందు నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పెద్దపంతులమ్మ ముందే వారించింది, "ఇప్పుడవన్నీ ఎందుకు మేడం, పిల్లలు నిరుత్సాహపడతారు" అని. చెప్పడం అయిపోయాక చప్పట్లు లేవు. రావడానికి కాశింబీ ఒప్పుకోలేదు, పనుందంది. రేష్మ ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, ఆమె తీసుకున్నది రసాయనశాస్త్రం. రాళ్లు కాదు. సిఫారసు ఉత్తరం రాస్తానంటే, "వద్దులే మేడం, మార్కులుండాయి" అంది.

రెండు మూడు నెలలకొకసారి ధర్మవరం పోయి ఆ వాకిట్లో కూర్చుని వస్తుంటాను. టీ ఇస్తుంది. మోకాళ్ల నొప్పుల గురించి, దారం ధరల గురించి మాట్లాడుతుంది. నన్ను మన్నించిందో లేదో నేను అడగలేదు. అడిగితే మన్నించాననే అంటుంది, అంత పెద్ద మనసు ఆమెది. ఆ మాట కూడా ఆమె దగ్గర తీసుకోవాలని నాకు లేదు.